ఆమెన్ అనేదాకా

జూలై 21, సోమవారం

ఈ ఉద్యోగం మానెయ్యాలని ఈరోజు గట్టిగా నిర్ణయించుకున్నాను.

పోయిన నెలలో కూడా గట్టిగానే నిర్ణయించుకున్నాను. క్రిస్మస్ సెలవుల్లో చేసిన నిర్ణయం ఇంకా గట్టిది. ఇన్ని గట్టి నిర్ణయాలు ఒక్క మనిషి కడుపులో పెట్టుకుంటే అజీర్తి చేస్తుందని ఈ పుస్తకం తీశాను. ఇది బోటనీ ప్రాక్టికల్ రికార్డు. ఒక పక్క గీతల కాగితం, ఒక పక్క బొమ్మలకు తెల్ల కాగితం. కాలేజీ బీరువాలో కట్టలుగా పడి ఉన్నాయి. మా ఇంట్లో ఎవరూ పొరపాటున కూడా తెరవని పుస్తకం ఇదే కాబట్టి దాచే పని కూడా లేదు.

రికార్డు అన్నాక పద్ధతి ప్రకారం రాయాలి.

ఉద్దేశము: విద్యార్థులు లేని కాలేజీలో బోటనీ లెక్చరర్ ఎంతకాలం బతకగలదో పరిశీలించుట.

కావలసిన పరికరములు: ఏంజెలిన్, ఎమ్మెస్సీ. ఒక కుర్చీ. ఒక హాజరు పట్టీ. కరెంటు ఉన్నప్పుడు తిరిగే ఫ్యాను.

ఫలితము: ఆరేళ్ళయింది. బతికే ఉంది.

విద్యార్థులు లేరంటే కళ్ళు పోతాయి. పట్టీ నిండా ఉన్నారు. కొందరు బెంగళూరులో, కొందరు హైదరాబాదులో, ఒకడు నెల్లూరు సెల్‌ఫోన్ షాపులో ఉన్నాడు. పరీక్షలప్పుడు పెళ్ళివారిలా దిగుతారు. మిగతా ఏడాదంతా నేను ఉదయగిరిలో బస్సెక్కి, ఆత్మకూరులో దిగి, ఎరువుల కొట్టు పక్కనున్న మెట్లెక్కి, అందరూ వచ్చినట్టు టిక్కులు పెట్టి, సాయంత్రం మళ్ళీ బస్సెక్కుతాను. ఎదురు బల్ల దగ్గర ఫిజిక్స్ వెంకటేష్ సారు ఫోన్లో ప్లాట్లు అమ్ముతుంటాడు. ఆయన గొంతయినా ఎవరో ఒకరు వింటున్నారు.

రేపు రాజీనామా రాస్తాను.

జూలై 22

రాయలేదు. బస్సులో సీటు దొరికింది, నిద్రపోయాను.

జూలై 25

నిన్న డేవిడ్‌తో ఒక్క మాట అన్నాను. "విసుగ్గా ఉండాదయ్యా, మానేస్తే ఎట్టా ఉంటుంది?" అని. మా ఆయన మండలాఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. ఏ బటన్ నొక్కినా ఒకే జవాబు వస్తుంది.

"నీ ఇష్టం" అన్నాడు.

"నీ ఇష్టం" అంటే "మా అమ్మ ఇష్టం" అని పెళ్ళయిన మొదటి వారంలోనే నేర్చుకున్నాను.

అనుకున్నట్టే మాట ఈరోజు సాయంత్రానికి మా అత్త చెవిలో పడింది. మా అత్త హన్నమ్మ నాతో ఎప్పుడూ గొడవ పడలేదు. ఊళ్ళో అందరూ "అత్తాకోడళ్ళంటే వాళ్ళే" అంటారు. నిజమే, నన్ను అనవలసిన మాటలేవీ ఆమె నన్ను అనదు. అన్నీ ప్రభువుతో చెప్తుంది. రోజూ అన్నాలకు ముందు కుటుంబ ప్రార్థనలో, నేను పక్కనే మోకాళ్ళ మీద ఉండగా, కళ్ళు మూసుకుని, వీధి చివరిదాకా వినపడేలా చెప్తుంది.

"తండ్రీ, ఈ ఇంట్లో ఒకరికి తెల్లారి లేచే కృప దయచెయ్యి. పప్పులో ఉప్పు గురించి నేను ఎవురినీ అనను ప్రభువా, నీకే చెప్పుకుంటా ఉండాను."

ఇలా ఉంటుంది. ప్రార్థనకు అడ్డం మాట్లాడకూడదు. ఆమెన్ అనేదాకా కళ్ళు తెరవకూడదు. కోర్టులోనైనా ఎదుటి వకీలుకు ఒక అవకాశం ఇస్తారు.

ఈరోజుది ఇదీ: "ప్రభువా, పాతికేళ్ళు మిషన్ హాస్టల్లో వంట చేసినాను. టీచరమ్మలకి కాఫీలందించినాను. ఒక్కరు గూడా 'హన్నమ్మా కూర్చో' అనలేదు. వాళ్ళందరికంటే పైన నా కోడల్ని లెక్చరర్‌గా నిలబెట్టినావు. నువ్వు కట్టిన దాన్ని ఎవురూ పడగొట్టుకోకుండా వాళ్ళకి నిలకడైన బుద్ధి ఇయ్యి తండ్రీ."

"ఆమెన్" అన్నాడు డేవిడ్, నాకంటే ముందు.

మా ఐదేళ్ళ సుజన కూడా ఈ విద్య నేర్చేసింది. "ప్రభువా, అమ్మ నాకు కుర్‌కురే కొనిచ్చేటట్టు చెయ్యి" అని ముగించింది. కొనిచ్చాను. ఆ విధంగా ప్రార్థన ఫలించింది.

జూలై 29

మా చర్చి పెద్ద అయిన యేసురత్నం అన్న దారిలో ఆపి చెప్పాడు. దుత్తలూరులో ఆడపిల్లల గురుకులంలో బయాలజీ గెస్ట్ టీచర్ కావాలట. ఏప్రిల్ వరకే. ఆ తర్వాత ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

"నీ లెవెలు కాదనుకో, ఎవురన్నా ఉంటే చెప్పమ్మా" అన్నాడు.

మంచిది, చెప్తానన్నాను. ఎవరో ఒకరు ఉండాలి కదా అని ఇంటికొచ్చి నా బయోడేటానే పంపాను. ఊరికే.

ఆగస్టు 4

ఘోరం జరిగింది. కాలేజీకి విద్యార్థి వచ్చింది.

నేను వెళ్ళేసరికి క్లాసులో ముందు బెంచీ మీద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. బెంచీని తానే తుడుచుకున్నట్టుంది, చేతిరుమాలు నల్లగా ఉంది. దారి తప్పిందనుకున్నాను.

"యూరియా కింద కొట్లో అమ్మా" అన్నాను.

"నేను ఫస్టియర్ మేడం. అశ్విత. బీఎస్సీ బోటనీ."

"ఏం కావాల?"

ఆ పిల్ల నన్ను జాలిగా చూసింది. "క్లాసు మేడం" అంది.

మర్రిపాడు దాటాక ఏదో పల్లె. నాయన ఓబయ్య మేకలు మేపుతాడట. బస్సు రాకపోతే పొద్దున్నే లారీ ఆపి ఎక్కి వచ్చిందట. కాలేజీలో చేరితే కాలేజీకి రావాలని ఆ ఇంట్లో అనుకున్నారు. చదువుకోని వాళ్ళు కదా, తెలియలేదు.

నేను వెంకటేష్ సారు దగ్గరకు పరుగెత్తాను. ఆయన ఫోను చేత్తో మూసి, "మెల్లిగా మాట్లాడి పంపించేయండి మేడం. అలవాటైతే కష్టం" అన్నాడు.

ఈరోజుకు సిలబస్ చదివి వినిపించాను.

ఆగస్టు 5

మళ్ళీ వచ్చింది.

ఆగస్టు 8

ఇంకా వస్తోంది. మూడు రోజులుగా పాఠం చెప్తున్నాను. చెప్తున్నాను అనేది పెద్ద మాట. కాండం అడ్డుకోత బొమ్మ బోర్డు మీద వేస్తుంటే సగంలో చెయ్యి ఆగిపోయింది. లోపలున్న కణజాలం పేరు గుర్తు రాలేదు. యూనివర్సిటీలో ఈ బొమ్మకే నాకు చప్పట్లు కొట్టారు. "మిగతాది రేపు" అని సీరియల్ లాగా ఆపేశాను.

నిన్న పొయ్యి దగ్గర పుస్తకం పెట్టుకుని చదివాను. చారు పొంగి పోయింది. సాయంత్రం ఆ చారు సంగతి ప్రభువుకు చేరింది.

అయినా పొద్దున బొమ్మ పూర్తి చేశాను. రంగు సుద్దముక్కలు నా డబ్బులతో కొన్నాను. ఆ అమ్మాయి తల వంచి గీసుకుంటూ, "మేడం, ఈ మధ్యలోది ఎందుకు బోలుగా ఉండాది?" అని అడిగింది. ఆరేళ్ళలో నన్ను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న. అంతకుముందు అందరూ అడిగింది "పరీక్ష ఎప్పుడు" అనే.

చెప్పడానికి సిగ్గుగా ఉంది, సంతోషం వేసింది.

ఆగస్టు 12

కరస్పాండెంట్ మోహన్‌కృష్ణ గారు పిలిచారు. కాలేజీ ఆయనదే, కింద ఎరువుల కొట్టూ ఆయనదే. ప్రిన్సిపాల్ ఆయన బావమరిది. బెంగళూరులో ఉంటాడు, సంతకాలకు వస్తాడు.

"ఏందమ్మా, ఎవురో పిల్ల రోజూ వస్తా ఉండాదంట?"

తప్పు ఒప్పుకున్నట్టు తల ఊపాను.

"వెనక బెంచీల మీద డీఏపీ మూటలు పెడదామంటే మావాడు భయపడతా ఉండాడు, క్లాసు జరుగుతా ఉండాదని. ఒక్కదాని కోసం ఫ్యాను తిరగాల, నీళ్ళ క్యాను రావాల. రేపు దాన్ని చూసి ఇంకొకరు వస్తే? ఇట్టా మొదలైతే అదుపులో ఉండదమ్మా."

"ఏం చెయ్యమంటారు సార్?"

"ఆడపిల్ల, దూరం, ఎండలు. ఇంట్లోనే చదువుకోమని నచ్చజెప్పండి. పేరు పట్టీలోనే ఉంటుంది, మనం మోసం చెయ్యటం లేదు గదా." నవ్వాడు. "మీరు ఎప్పటినుంచో ఉండారు. మిమ్మల్ని వైస్ ప్రిన్సిపాల్ చేద్దామనుకుంటా ఉండా. జీతం చూద్దాం గానీ, గౌరవం గౌరవమే. స్టాంపు గూడా చేయించమని చెప్పినాను."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. విద్యార్థి ఒకతి, ఆమెను వెళ్ళగొట్టడానికి వైస్ ప్రిన్సిపాల్.

నచ్చజెప్తానన్నాను.

ఆగస్టు 13

నచ్చజెప్పలేదు. కిరణజన్య సంయోగక్రియ చెప్పాను.

ఆగస్టు 15

జెండా పండుగ. ఫొటో పైకి పంపాలి కాబట్టి విద్యార్థులు కనపడాలి. ఎరువుల కొట్టు హమాలీలకు తెల్ల చొక్కాలు వేసి వెనక వరసలో నిలబెట్టారు. అశ్వితను ముందు నిలబెట్టారు. ఒక ఫొటోలో కుడివైపు, ఇంకో ఫొటోలో ఎడమవైపు. హమాలీలు జాతీయగీతం మాకంటే బాగా పాడారు.

చాక్లెట్ ఇస్తే ఆ అమ్మాయి తినకుండా బ్యాగులో వేసుకుంది. "వీళ్ళు మన సీనియర్లా మేడం?" అని అడిగింది.

"అవును" అన్నాను. గెడ్డాలు నెరిసిన సీనియర్లు.

ఆగస్టు 17, ఆదివారం

వైస్ ప్రిన్సిపాల్ సంగతి డేవిడ్‌కు ఒక్కడికే, నవ్వుకోవడానికి చెప్పాను. మా ఆయన దగ్గర రహస్యమూ జల్లెడలో నీళ్ళూ ఒకటే.

ఈరోజు ఆరాధనలో సాక్ష్యాల సమయంలో మా అత్త లేచింది. పట్టుచీర అప్పుడే గమనించి ఉండాల్సింది. "నా కోడల్ని దేవుడు కాలేజీకి వైస్ ప్రిన్సిపాల్‌గా హెచ్చించినాడు. కాఫీలు మోసిన ఇంట్లోనించి. నేనేం చెప్పాల సంఘమా" అంది. పాత హాస్టల్ టీచరమ్మలు ఇద్దరు ముందు వరసలోనే ఉన్నారు. మా అత్త వాళ్ళవైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో నాకు కనపడింది.

అందరూ స్తోత్రం అన్నారు. యేసురత్నం అన్న నన్ను చూసి నవ్వి, దుత్తలూరు మాట గాలికి వదిలేసినట్టు చెయ్యి ఊపాడు.

ఇప్పుడు మానేస్తే నేను ఒక ఉద్యోగం మానేసినట్టు కాదు, ఆమెను ముందు వరసలోంచి మళ్ళీ వంటింట్లోకి తోసినట్టు. మింగలేను, కక్కలేను. మా అత్త మీద కోపం రావాలి. రాలేదు, ఏడుపొచ్చింది.

ఆగస్టు 20

తలనొప్పి అని కాలేజీకి ఫోను చేశాను. దుత్తలూరు వెళ్ళాను. డెమో క్లాసుకు పిలిచారు. ఊరికే చూసొద్దామని.

ఎనిమిదో తరగతి. నలభై మంది ఆడపిల్లలు. నేను తలుపు దగ్గర నిలబడగానే నలభై గొంతులు ఒక్కసారి "గుడ్ మార్నింగ్ మేడం" అన్నాయి. భయపడి ఒక అడుగు వెనక్కి వేశాను. ప్రిన్సిపాల్ మేడం చూశారు.

దారిలో కోసుకున్న తుమ్మకొమ్మ పట్టుకుని, ముల్లు ఎందుకుంటుంది అని మొదలుపెట్టాను. ఒకమ్మాయి "మేక తినకుండా" అంది. ఇంకొకతె "మేక తింటుంది" అంది. మూడోది "మా మేక ముల్లుతోసహా తింటాది మేడం, నేను చూసినా" అని బెంచీ ఎక్కింది. గోల. ఎవరో వేలికి ముల్లు గుచ్చుకుంది. బెల్లు కొట్టింది నేను వినలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాలో నేనే నవ్వుకుంటుంటే పక్కనున్న ముసలమ్మ కొంచెం జరిగి కూర్చుంది.

ఆగస్టు 22

తీసుకున్నారు. సెప్టెంబర్ ఒకటి, సోమవారం చేరాలి. చేరకపోతే జాబితాలో తర్వాతి వాళ్ళను పిలుస్తారట.

ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టు 23

ప్రశాంతంగా ఆలోచించాను. వెళ్ళకూడదు. కారణం మా అత్త కాదు, భయమూ కాదు. అశ్విత. నేను వెళ్ళిపోతే ఆ అమ్మాయికి ఎవరు చెప్తారు? ఎండలో లారీలు పట్టుకుని వస్తున్న పిల్లను నట్టేట్లో వదిలి నా సుఖం నేను చూసుకుంటే మనిషినా?

ఇలా అనుకోగానే మనసు తేలికైంది. నేనింత మంచిదాన్ని అని ఇన్నాళ్ళూ తెలియదు.

ఆగస్టు 25

అశ్విత రాలేదు. జ్వరమేమో.

వైస్ ప్రిన్సిపాల్ స్టాంపు వచ్చింది. సర్టిఫికెట్లు ఉండే బీరువా తాళం కూడా నాకే ఇచ్చారు. "బాగా నచ్చజెప్పినట్టుండారే" అని మోహన్‌కృష్ణ గారు మెచ్చుకున్నారు. నేనేమీ చెప్పలేదు అని చెప్పబోయి, ఊరుకున్నాను.

ఆగస్టు 26

రాలేదు. వెనక బెంచీల మీద మూటలు వచ్చాయి. క్లాసంతా ఎరువు వాసన. ఖాళీ ముందు బెంచీకి కాసేపు పాఠం చెప్పుకున్నాను. పాత అలవాటే, కానీ ఈసారి బాధనిపించింది.

ఆగస్టు 28

నిన్న వినాయక చవితి సెలవు. ఈరోజు వచ్చింది. వెంట వాళ్ళ నాయన ఓబయ్య. తలగుడ్డ తీసి చేత పట్టుకుని, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"టీసీ కావాల మేడం" అంది అశ్విత. నేలచూపులు చూస్తోంది. "నెల్లూరు గవర్నమెంటు కాలేజీలో సీటు ఉండాదంట. హాస్టల్ గూడా ఇస్తారంట. ఈడ మీరు తప్ప ఇంకెవురూ చెప్పరు గదా."

"మంచిదమ్మా. ముందే చెప్పొచ్చు కదా" అన్నాను. గొంతు వైస్ ప్రిన్సిపాల్ లాగానే ఉంచాను.

ఓబయ్య అందుకున్నాడు. "పదైదు రోజుల ముందే తెలిసిందమ్మా. నేను పోదాం పదమంటే ఇదే రానని ఏడ్చింది."

"ఎందుకు?"

ఆ పిల్ల బ్యాగు పట్టీ సవరించుకుంటూ చెప్పింది. "మీకు నేనొక్కదాన్నే గదా మేడం. నేను గూడా పోతే మీరు ఎవురికి చెప్తారు? రంగు సుద్దముక్కలు గూడా కొన్నారు. అందుకని ఉండిపోయినా."

ఆమె కోసం నేను. నా కోసం ఆమె. మా ఇద్దరి త్యాగాలూ ఒకదానికొకటి ఎదురుగా కూర్చుని ఇన్ని రోజులు బోటనీ చదువుకున్నాయి.

పద్దెనిమిదేళ్ళ పిల్ల నన్ను చూసి జాలిపడి ఆగింది. ఇంతకంటే గట్టిగా ఎవరూ చెంపమీద కొట్టలేరు.

టీసీ మీద ప్రిన్సిపాల్ సంతకం కావాలి. ఆయన బెంగళూరులో ఉన్నాడు. మోహన్‌కృష్ణ గారు మండపం పనుల్లో ఉన్నారు. ఉన్నా ఇవ్వరు. పిల్ల రాకపోతే పండగ గానీ, పట్టీలో పేరు పోతే సర్కారిచ్చే ఫీజు నష్టం. వైస్ ప్రిన్సిపాల్ సంతకం చెల్లుతుందా అని వెంకటేష్ సార్ని అడిగాను. ఆయన మొదటిసారి ఫోను పెట్టేసి నావైపు చూశాడు. "ప్రిన్సిపాల్ లేనప్పుడు చెల్లాల మేడం. లేకపోతే ఆ పోస్టు ఎందుకు?" అన్నాడు.

నాకూ ఇప్పుడే తెలిసింది ఎందుకో. బీరువా తెరిచి అశ్విత ఇంటర్ సర్టిఫికెట్లు ఇచ్చాను. టీసీ రాసి, సంతకం పెట్టి, కొత్త స్టాంపు గట్టిగా గుద్దాను. బల్ల అదిరింది.

"మీరు గూడా యాడన్నా పిల్లకాయలు ఉండే కాడికి పోండి మేడం" అంది మెట్లు దిగుతూ.

వాళ్ళు వెళ్ళాక బీరువాలో, చేరినప్పుడు నా దగ్గర తీసి పెట్టుకున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా కనపడ్డాయి. దుమ్ము పట్టి ఉన్నాయి. ఇంటికి తెచ్చాను. దులుపుదామని.

ఆగస్టు 29

మోహన్‌కృష్ణ గారి ఫోను.

"ఏందమ్మా ఇది? రావొద్దని చెప్పమంటే పొమ్మని చెప్తారా?"

కాసేపు అరిచి చల్లబడ్డారు. "సరే, పొరపాటు మనుషులే చేస్తారు. వైస్ ప్రిన్సిపాల్‌గా మీరే ఉండండి. సోమవారం వచ్చినాక మాట్లాడదాం. మీ సర్టిఫికెట్లు గూడా మా దగ్గర భద్రంగా ఉండాయి గదా."

"ఆఁ సార్" అన్నాను. వాటిని అప్పటికే దులిపి నా ట్రంకుపెట్టెలో పెట్టాను. ఇంకా భద్రంగా ఉన్నాయి.

సోమవారం ఆత్మకూరా, దుత్తలూరా అని సాయంత్రమంతా ఆలోచించాను. అత్త వంటింట్లో పాటలు పాడుకుంటోంది. చెప్పాలని రెండుసార్లు వెళ్ళి, రెండుసార్లూ మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఆగస్టు 30

చెప్పలేదు.

ఆగస్టు 31, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాయాలి. రేపటికి నేనే నమ్మను.

సాయంత్రం ప్రార్థనకు చాప వేశారు. నేను పక్కకు ఒదిగి కూర్చోబోతుంటే మా అత్త, "ఈపొద్దు నువ్వు చెయ్యి పాపా. ఎప్పుడూ నేనే గదా. వైస్ ప్రిన్సిపాల్‌వి, నీకు మాటలు రాకనా" అంది.

పెళ్ళయినప్పటినుంచి ఈ ఇంట్లో నేను పైకి ప్రార్థన చెయ్యలేదు. ఆమెన్ మటుకే నా వాటా. మోకాళ్ళ మీద కూర్చున్నాను. అందరూ కళ్ళు మూసుకున్నారు. ముగ్గురూ నోరు కట్టేసుకుని నా ఎదురుగా ఉన్నారు. ఆమెన్ అనేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, ఎవరూ అడ్డం రాకూడదు. ఇంత మంచి సౌకర్యం మా అత్త ఇన్నేళ్ళూ ఒక్కతే వాడుకుంది.

"ప్రభువా" అన్నాను. "ఆత్మకూరు కాలేజీలో నేను ఎవురికీ పాఠం చెప్పటం లేదని నీకు తెలుసు. ఒక్క పిల్ల వచ్చింది. ఆ పిల్ల గూడా నా మీద జాలిపడి ఉండింది. దాన్ని నెల్లూరికి పంపినాను. దుత్తలూరు గురుకులంలో నన్ను తీసుకున్నారు. టీచర్‌గా. గెస్ట్ టీచర్. ఏప్రిల్ దాకానే. రేపు చేరాల. నాకు పోవాలని ఉండాది."

ఆమెన్ అనలేదు నేను. అంటే కళ్ళు తెరవాలి.

"మా అత్త సంఘంలో సాక్ష్యం చెప్పింది. ఆమెను తక్కువ చెయ్యాలని కాదు ప్రభువా. ఆమె వంట చేసిన హాస్టల్లోనే చదువుకున్న పిల్లకాయలు ఎందరో టీచర్లయినారు. నేను గూడా అట్టా ఒకదాన్ని అనుకోమను. ఆమెకి నేరుగా చెప్పే ధైర్యం నాకు లేదు. అందుకనే నీకు చెప్తా ఉండాను."

ఇంకేం మిగల్లేదు. అయినా చాలాసేపు ఆమెన్ అనలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చివరికి అన్నాను. సుజన అంది, ఆకలేస్తోంది కాబట్టి. డేవిడ్ అన్నాడు, చాలా మెల్లిగా.

మా అత్త అనలేదు.

కళ్ళు తెరిచి చూశాను. ఆమె ఇంకా మూసుకునే ఉంది. నా ప్రార్థనకు ఆమెన్ అనకుండా తన ప్రార్థన మొదలుపెట్టింది. మళ్ళీ కళ్ళు మూసుకున్నాం.

"తండ్రీ, నా కోడలు చెప్పింది విన్నావు గదా. ఆ కాలేజీలో పిల్లకాయలు లేరని నాకు గూడా తెలుసు ప్రభువా. కళ్ళు చూపించుకోను ఆత్మకూరు పోయిన పొద్దు, మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కలేనని దీనికి అబద్ధం చెప్పినాను. ఎక్కినాను. తలుపు సందులోనించి చూసినాను. ఖాళీ బెంచీల ముందర ఒక్కతే కూర్చోని ఉన్నింది. ముఖం అట్టా ఉంటే చూడలేక దిగొచ్చినాను. మూడేళ్ళాయె. నీకు తప్ప ఎవురికీ చెప్పలేదు. నాకు సిగ్గని కాదు ప్రభువా, దానికి సిగ్గని."

చీరకొంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడు వినిపించింది.

"హాస్టలు పిల్లకాయలు పొద్దున్నే గోల చేస్తారు, దీనికి ఓపిక ఇయ్యి. దుత్తలూరు బస్సు తొందరగా ఉంటాది, దీన్ని నువ్వే లేపాల, నా వల్ల కాదు. క్యారేజీ నేను కడతాను. సంఘంలో మటుకు ఈ ఏడాదికి ఇంకా లెక్చరర్ అనే చెప్పుకుంటాను తండ్రీ, ఆ ఒక్కటి నన్ను క్షమించు. ఆమెన్."

అందరికంటే గట్టిగా నేనే ఆమెన్ అన్నాను.

లేచి అన్నాలు వడ్డించింది. నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పప్పులో ఉప్పు ఎక్కువైంది. ఈసారి వండింది ఆమే. నేను ప్రభువుకు చెప్పలేదు.

సెప్టెంబర్ 1

కావలసిన పరికరములు: నలభై మంది ఆడపిల్లలు.

ఫలితము: గొంతు పోయింది.